నలభై ఒక్క పాల డబ్బాలు

సోమవారం పొద్దున బడి వెనక గేటు దగ్గర వ్యాను ఆపేసరికి లక్ష్మీపతి దగ్గర ఉన్నవి ఇవి: బియ్యం బస్తాలు తూచే కాటా ఒకటి, రబ్బరు గ్లౌజుల పెట్టె ఒకటి, గీతల పుస్తకం ఒకటి, ఐదు రోజులు మధ్యాహ్నం పూట తమ కిరాణా దుకాణం చూసుకోవడానికి ఒప్పుకున్న భార్య, లెక్కలో తనను మోసం చేయగల మనిషి పరాయి దేశంలో తమ ఊరైన చాండ్లర్ మొత్తంలో లేడన్న నమ్మకం.

భార్య ఊరికే ఒప్పుకోలేదు. "ఇక్కడ కందిపప్పు బస్తాలు దించడానికి మనిషి లేడు. మీరేమో పిల్లల ఎంగిలి తూచడానికి పోతున్నారు," అంది కృష్ణవేణి. "వాళ్ళకి కాటా లేదంటే కాటా ఇచ్చి రండి. మనిషిని కూడా ఇవ్వాలా?"

"కాటా ఒక్కటే ఇస్తే కాటానే ఉంటుంది. తూకం ఉండదు."

కూతురు రిషిత ఆ బడిలో ఆరో తరగతి. పర్యావరణ క్లబ్బులో ఉంది. క్లబ్బు నడిపే సైన్సు టీచర్ మిసెస్ ఎలిసన్ అతనికి నలభై ప్రశ్నల ఫారం ఒకటి చూపించింది. కరెంటు ఎంత మిగిల్చారు, నీళ్ళు ఎంత తగ్గించారు, మధ్యాహ్న భోజనంలో చెత్త ఎంత. ప్రతి ప్రశ్నకీ బడి తన మార్కులు తనే వేసుకోవాలి. మార్కులను బట్టి కంచు, వెండి, బంగారం అని గుర్తింపు ఇస్తారు.

"తనిఖీకి ఎవరొస్తారు?" అని అడిగాడు లక్ష్మీపతి.

"ఎవరూ రారు. మనల్ని మనమే చూసుకోవాలి. అందుకే బయటి మనిషి సంతకం ఒకటి పెట్టమన్నారు. ఆ మనిషి మీరు."

రాసినవాడే దిద్దుకునే పరీక్ష అతను ఇంతవరకు చూడలేదు. సంతకం తనది కాబట్టి అంకె కూడా గట్టిగా ఉండాలనుకున్నాడు.

ఇరవై మూడో ప్రశ్న చెత్త గురించి. నిరుడు సెప్టెంబరులో తూచినప్పుడు రోజుకు నూట పద్దెనిమిది పౌన్లు వచ్చింది. ఈ ఏడు నూరు లోపు వస్తే వెండి. ఏడాదిగా క్లబ్బు పిల్లలు పోస్టర్లు గీసి కెఫెటేరియా గోడలకు అంటించారు. 'తినేంతే తీసుకో' అని రాసి, ఏడుస్తున్న యాపిల్ పండు బొమ్మ వేసింది రిషిత.

కాటా దొర్లించుకుంటూ వంటగది పక్కగా వెళుతుంటే లోపల్నుంచి తెలుగు వినిపించింది.

"ఏంది తమ్ముడూ, దుకాణం బందువెట్టి ఇటొచ్చినవ్?"

చాముండేశ్వరి. నల్గొండ వైపు మనిషి, యాభై ఎనిమిదేళ్ళు ఉంటాయి. కూతురి దగ్గర ఉంటూ, రోజుకు నాలుగు గంటలు ఈ వంటగదిలో పని చేస్తోంది. తలకు వల, నడుముకు ఏప్రన్, కింద చీర కాదు, నల్ల ప్యాంటు. దుకాణానికి వచ్చినప్పుడు చీరలో చూడటమే గానీ ఇలా చూడలేదతను.

"చెత్త తూచడానికొచ్చానక్కా."

"చెత్త జోకుతరా! జోకి ఎవరికి అమ్ముతవు?" అని పెద్దగా నవ్వింది.

"అమ్మేది లేదు. ఎంత పారేస్తున్నారో తేల్చాలంట."

"పారేసింది తేల్తది. పారెయ్యంది ఎట్ల తేల్తది?"

"నా కాటాకి అన్నీ తేలతాయక్కా," అన్నాడు లక్ష్మీపతి, అదీ ఒక వేళాకోళం అనుకుని.

ఆమె నవ్వు కొంచెం తగ్గింది. ఎవరో పిలిస్తే ట్రేలు కడిగే కిటికీ దగ్గరికి వెళ్ళిపోయింది.

భోజనాలు అయ్యాక చెత్త డబ్బాలను వెనకవైపు నీడలోకి తెచ్చి, నేల మీద నీలం పట్టా పరిచి గుమ్మరించారు. సెప్టెంబరు ఆఖరు వారమైనా ఎండ వంద ఫారెన్‌హీట్ డిగ్రీలకు తగ్గలేదు. కెచప్ వాసన, పుల్లటి పాల వాసన కలిసి ముక్కుకు కొట్టాయి. ఎనిమిది మంది క్లబ్బు పిల్లలు మొదటి ఐదు నిమిషాలు 'యాక్' అంటూ అరిచారు, తర్వాత పనిలో పడ్డారు. తిండి ఒక బకెట్టు, పాలూ రసాలూ ఒక బకెట్టు, కాగితం ఒకటి, ప్లాస్టిక్కు ఒకటి. ఖాళీ బకెట్టు పెట్టి కాటాను సున్నాకు తేవడం లక్ష్మీపతి వాళ్ళకు నేర్పాడు. ఒక పిల్లవాడు బకెట్టు అంచు మీద చెయ్యి ఆనించి అంకె చదవబోతే, "చెయ్యి తియ్యి. నీ చెయ్యి కూడా తూగుతోంది," అని ఇంగ్లీషులో చెప్పాడు. పిల్లలకు అది తెగ నచ్చింది. తర్వాత అందరూ ఒకరినొకరు చెయ్యి తియ్యి, చెయ్యి తియ్యి అని అరుచుకున్నారు.

మొత్తం తొంభై ఎనిమిది పౌన్లు. పిల్లలు ఎగిరారు. మిసెస్ ఎలిసన్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

అక్కడితో ఆగితే సరిపోయేది. ఫారం అడిగింది బరువు ఒక్కటే. కానీ పట్టా మీద మూత తెరవని పాల డబ్బాలు కనిపించాయి. అరచేతిలో పట్టే అట్ట డబ్బాలు, చల్లగా నిండుగా అలాగే ఉన్నాయి. లక్ష్మీపతి ఏరి వరుసగా పేర్చాడు. పదిహేడు. ఆ తర్వాత చెయ్యి ఊరుకోక ఖాళీ డబ్బాలు కూడా లెక్కపెట్టాడు.

"నాన్నా, యూ డోంట్ హావ్ టు కౌంట్. ఓన్లీ వెయిట్ అడిగారు."

"దుకాణంలో సరుకు ఎంత వచ్చింది, ఎంత పోయింది, రెండూ చూడకుండా ఎవడైనా పుస్తకం మూస్తాడా?"

వంటగది మేనేజరు డోనాను అడిగి ఆమె అట్ట మీద రాసుకున్న అంకె తెచ్చాడు. ఆ బడిలో ప్రతి ట్రేలోనూ ఒక పాల డబ్బా పెడతారు, పిల్లాడు తాగినా తాగకపోయినా. ఆ రోజు ఇచ్చినవి మూడు వందల పన్నెండు. ఖాళీవి రెండు వందల యాభై నాలుగు. తెరవనివి పదిహేడు. నలభై ఒకటి తక్కువ.

తరగతి గదుల్లోకి పాలు తీసుకుపోనివ్వరు. మరి నలభై ఒక్క డబ్బాలు ఎటుపోయాయి? లక్ష్మీపతి ఆ అంకె చుట్టూ గుండ్రంగా గీత గీశాడు. ఇంటికి వెళ్ళేదాకా ఒక రకమైన హుషారు అతన్ని వదల్లేదు.

*

మంగళవారం బరువు తొంభై ఏడు. ఇచ్చిన పాలు మూడు వందల తొమ్మిది, ఖాళీవి రెండు వందల యాభై రెండు, తెరవనివి పద్దెనిమిది. ముప్పై తొమ్మిది తక్కువ.

బడి అయ్యాక లైబ్రరీలో మీటింగు. ప్రిన్సిపాల్ డాక్టర్ బ్రాండ్ పొడుగాటి మనిషి, మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ పేరు తప్పకుండా వాడతాడు. "మిస్టర్ పతి, నిరుటి మీద పదిహేడు శాతం తగ్గింది! పోస్టర్లు గీసిన వాళ్ళకు చప్పట్లు!" అన్నాడు. రిషిత సిగ్గుపడి జుట్టు చెవి వెనక్కి తోసుకుంది.

లక్ష్మీపతి పుస్తకం తెరిచి లేచాడు. ఎవరూ అడగలేదు. అడగని విషయం తను కనిపెట్టాడన్నదే అతని సంతోషం. రెండు రోజుల అంకెలు చదివాడు.

"రోజుకోలా తగ్గితే అది కారిపోవడం, ఒలికిపోవడం. రోజూ ఒకే మాదిరిగా తగ్గిందంటే అది సరుకు తప్పు కాదు. ఎవరిదో చెయ్యి," అన్నాడు.

డాక్టర్ బ్రాండ్ పసుపు కాగితం మీద ఏదో రాసుకున్నాడు. డోనా కిటికీ వైపు చూసింది. క్లబ్బు పిల్లల్లో జోయీ అనేవాడు ఏదో చెప్పబోయి, పక్క అమ్మాయి మోచేత్తో పొడిస్తే నోరు మూసుకున్నాడు.

వ్యానులో రిషిత అడిగింది. "నాన్నా, చెయ్యి అంటే దొంగ అనా?"

"పోయింది ఎక్కడికో తేలాలి కదా."

"బట్ అది మన ప్రాజెక్ట్ కాదు కదా."

"లెక్క లెక్కే తల్లీ."

*

బుధవారం కాటా నూట ఇరవై చూపింది.

లక్ష్మీపతి బకెట్లన్నీ దింపి, సున్నాకు తెచ్చి, మళ్ళీ తూచాడు. నూట ఇరవై. నిరుటి కంటే రెండు ఎక్కువ. పిల్లలు ఆ అంకె వంక, అతని వంక మార్చి మార్చి చూశారు.

పట్టా మీద తెరవని పాల డబ్బాలు గుట్టగా పడి ఉన్నాయి. యాభై ఏడు. ఖాళీవి రెండు వందల యాభై ఐదు. ఇచ్చినవి మూడు వందల పన్నెండు. తేడా సున్నా.

పుస్తకంలో తేడా సున్నా అని రాసిన ప్రతిసారీ అతనికి ఒక తృప్తి ఉండేది. ఇప్పుడు పెన్ను చేతిలో ఆగిపోయింది. లేచి వంటగది వైపు నడిచాడు. ట్రేల కిటికీ దగ్గర ఎవరో కొత్త మనిషి, చెవుల్లో తీగలు పెట్టుకుని ట్రేలు దులుపుతోంది.

"మిస్ చాము ఏరి?" అన్నాడు అతని వెనకే వచ్చిన జోయీ. "మిస్ చాము లేకపోతే మిల్క్ ఎవరికివ్వాలి?"

"ఆమెకిచ్చేవాళ్ళా?"

"రోజూ. తాగకపోతే ఆమె చెయ్యి చాపేది. మేం చేతిలో పెట్టేవాళ్ళం. ఇవాళ చెయ్యి లేదు, అందుకని చెత్తడబ్బాలో వేసేశాం."

"మీ అందరికీ తెలుసా?"

"అందరికీ తెలుసు. మీరు అడగలేదు."

లక్ష్మీపతి డోనా వైపు తిరిగాడు. డోనా గిన్నెలు తుడుస్తూ అతని వైపు చూడకుండానే చెప్పింది. నిన్న సాయంత్రం బయటికి వెళుతున్న చాముండేశ్వరిని ఆపారు. చక్రాల కూలర్ పెట్టె తెరిపించారు. ఐసు మీద ముప్పై తొమ్మిది పాల డబ్బాలు. బడి తిండి బయటికి తీసుకుపోకూడదని రూలు. శుక్రవారం మూడింటికి, ఈ చుట్టుపక్కల బడులన్నీ చూసే డిస్ట్రిక్టు ఆఫీసు నుంచి మనిషి వస్తుంది. దొంగతనం అని రాస్తే ఈ చుట్టుపక్కల ఏ బడిలోనూ ఆమెకు పని దొరకదు.

"అవి పారేసేవే కదా," అన్నాడు లక్ష్మీపతి.

"డబ్బాలో వేస్తే చెత్త. సంచిలో వేస్తే దొంగతనం," అంది డోనా. "రూలు నేను రాయలేదు. ఎనిమిది నెలలుగా నేను అటు చూడకుండా ఉన్నాను. మీరు చూపించారు."

వరండాలో డాక్టర్ బ్రాండ్ ఎదురొచ్చి అతని చెయ్యి ఊపాడు. "మిస్టర్ పతి, మీ పద్ధతి అద్భుతం. ఒక్క రోజులో పట్టేశాం."

లక్ష్మీపతి చెయ్యి వెనక్కి లాక్కుని పట్టా దగ్గరికి నడిచాడు.

ఆ సాయంత్రం దుకాణంలో మనసు పెట్టలేకపోయాడు. ఒకామెకు మినప్పప్పు బదులు పెసరపప్పు తూచి ఇచ్చి మళ్ళీ మార్చాడు. ఏడింటప్పుడు సాయి తేజ వచ్చాడు. పక్క ఊరు టెంపేలో ఎంఎస్ చదువుతున్నాడు, నలుగురితో కలిసి ఒక అపార్టుమెంటులో ఉంటాడు. బియ్యం, కారం తప్ప వేరేవి కొన్న గుర్తు లేదు. ఇవాళ ఫ్రిజ్ ముందు నిలబడి డబ్బాల మీద రాసింది చదువుతున్నాడు.

"అంకుల్, వీటిల్ల పుల్లగ ఉండని పెరుగు ఏది?"

"నువ్వెప్పుడూ పెరుగు కొనలేదే?"

"చాముండాంటీ ఇచ్చేది కదా. మాకు, పక్క బిల్డింగుల దేదీప్య వాళ్ళకు, మొత్తం పదిహేను మందికి. రోజుకో గిన్నె. ఆ స్కూల్ మిల్క్ అంకుల్, వన్ పర్సెంట్ ఫ్యాట్, నీళ్ళ లెక్క ఉంటది. ఆంటీ సగానికి మరగబెడితే గడ్డ పెరుగయ్యేది. ఎండకాలం మజ్జిగ." గొంతు తగ్గించాడు. "ఆంటీ జాబ్ పోయిందంట. ఎవడో కంప్లైంట్ ఇచ్చిండంట. ఎవడో తెలిస్తే బాగుండు."

కౌంటరు దగ్గర కృష్ణవేణి తలెత్తి భర్త ముఖం చూసింది. ఆమెకు అంతా తెలిసిపోయింది. సాయి తేజ వెళ్ళాక ఒక్క మాటే అంది. "కాటా ఇచ్చి రమ్మన్నాను."

*

గురువారం నూట ఇరవై రెండు. తెరవనివి యాభై తొమ్మిది. తేడా సున్నా.

తూకం అయ్యాక మిసెస్ ఎలిసన్ గదికి డాక్టర్ బ్రాండ్ వచ్చాడు. ఫారంలో చిన్న అక్షరాల మీద వేలు పెట్టాడు. 'కనీసం రెండు రోజుల తూకం' అని ఉంది.

"సోమ, మంగళ సరిపోతాయి. వెండి వస్తుంది. మిగతా రోజులు మామూలు రోజులు కావు, సిబ్బంది సమస్య ఉంది. మిస్టర్ పతి ఇక్కడ సంతకం పెడితే చాలు."

"ఆ రెండు రోజులు తగ్గింది పోస్టర్ల వల్ల కాదు," అన్నాడు లక్ష్మీపతి. "నిరుడు సెప్టెంబరులో ఆమె ఇక్కడ లేదు. జనవరిలో చేరింది. నూట పద్దెనిమిదికీ తొంభై ఏడుకీ తేడా ఆవిడే. ఆవిణ్ణి తీసేస్తే నిరుటి దానికంటే ఎక్కువే పారేస్తున్నారు."

"అది మీ ఊహ."

"నా దగ్గర రెండు రోజుల లెక్క ఉంది."

"రెండు రోజులతో ఏడాది సంగతి ఎలా చెబుతారు?" అన్నాడు డాక్టర్ బ్రాండ్ మర్యాదగానే. తన ఫారానికి కూడా రెండు రోజులే చాలునన్న సంగతి అతనికి తట్టినట్టు లేదు.

బల్ల చివర రంగు పెన్సిళ్ళు సర్దుతున్న రిషిత అంతా విన్నది. వ్యానులో కిటికీలోంచి చూస్తూనే అడిగింది. "నాన్నా, మా పోస్టర్స్ ఏం చేయలేదా? వన్ ఇయర్? జీరో?"

అతను అబద్ధం చెబుదామనుకున్నాడు. ఇంత దూరం వచ్చాక ఆ ఒక్క అంకె మాత్రం మార్చడం చేతకాలేదు. "సున్నా తల్లీ."

ఆ పిల్ల ఏడవలేదు.

ఇంటికి పోకుండా చాముండేశ్వరి ఉండే అపార్టుమెంటుకు తిప్పాడు వ్యాను. తలుపు ఆమే తీసింది. తిడుతుందని సిద్ధపడే వచ్చాడు. ఆమె రిషితను చూసి, "బిడ్డ అలిసిపోయింది, లోపలికి రాండ్రి," అంది. వంటింట్లోంచి మరిగిన పాల వాసన రాలేదు. పొయ్యి మీద పెద్ద గిన్నె బోర్లించి ఉంది.

"అక్కా, ఆ మాటన్నది నేనే. చెయ్యి అన్నది నేనే."

"ఎరికె. డోనా చెప్పింది."

"నీ చెయ్యని తెలిస్తే అనేవాణ్ణి కాదు."

"ఇంకోల్ల చెయ్యైతే అంటుంటివా?"

ఆమె రిషితకు గ్లాసులో మంచినీళ్ళు ఇచ్చి, ఫ్రిజ్ పక్కన మేకుకు వేలాడుతున్న క్యాలెండరు దించి తెచ్చింది. లక్ష్మీపతి తన దుకాణంలో కొత్త ఏడాదికి ఖాతాదార్లకు పంచినదే, తిథులూ వర్జ్యాలూ ఉన్న పెద్ద గళ్ళ క్యాలెండరు. ఇండియాలో పాలవాడు వేసిన ప్యాకెట్లు ఆడవాళ్ళు గళ్ళలో రాసుకుంటారు, నెలాఖరులో తగువు రాకుండా. చాముండేశ్వరి అలాగే రాసింది. జనవరి తొమ్మిది, ముప్పై ఆరు. జనవరి పది, నలభై మూడు. సెలవులకు అడ్డగీత. వేసవి రెండు నెలలు ఖాళీ. మళ్ళీ జూలై ఇరవై మూడు నుంచి మొన్న సోమవారం దాకా, ఒక్క గడి వదల్లేదు.

"ఇదేంటక్కా? ఎవరికోసం రాశావు?"

"ఎవరికోసమంటే? పాలు వస్తే రాస్తరు. మా ఇంట్ల గంతే."

సోమవారం గడిలో నలభై ఉంది. "నాకు నలభై ఒకటి తేలింది," అన్నాడు లక్ష్మీపతి.

"ఇంటికొచ్చేటప్పుడు తొవ్వల ఒకటి నేనే తాగిన. షుగర్ దిగిపోయి కండ్లు తిరిగినయ్. ఇంటికి రానిది రాయలే."

అతను నవ్వలేకపోయాడు. పెన్ను తీసి గళ్ళన్నీ కూడాడు. రిషిత ఫోనులో వేరేగా కూడింది. ఇద్దరికీ ఒకటే వచ్చింది. నూట ముప్పై ఏడు రోజులు, ఐదు వేల నాలుగు వందల పన్నెండు డబ్బాలు. బడి దగ్గర ఏడాది మొత్తానికీ రెండు రోజుల తూకం కూడా సరిగ్గా లేదు. ఆ బడి ఎంత మిగిల్చిందో రోజువారీగా రాసిన కాగితం భూమ్మీద ఇదొక్కటే, ఇదేమో మేకుకు వేలాడుతోంది. దీన్ని చూపిస్తే ఆమె పనితనానికి రుజువు. చూపిస్తే ఐదు వేల నాలుగు వందల పన్నెండు సార్లు తీసుకున్నానని ఆమె చేతి రాతతో ఒప్పుకున్నట్టు.

"దీన్ని దాచెయ్ అక్కా. ముప్పై తొమ్మిది ఒక్క రోజుదే వాళ్ళ దగ్గరుంది. ఒక్కసారి చేశానను, హెచ్చరించి వదిలేస్తారేమో."

ఆమె అతని వంక వింతగా చూసింది. "నువ్వు దుకాణదారువు. తప్పు లెక్క చెప్పమంటున్నవా?"

"నీ పని పోతుంది."

"పోయింది గదా. తీసుకపో."

*

శుక్రవారం క్లబ్బు పిల్లలు ఎవరినీ అడగకుండా ఒక పని చేశారు. ట్రేల కిటికీ పక్కన ప్లాస్టిక్ క్రేటు పెట్టి, అందులో ఐసు పోసి, వంతులవారీగా నిలబడి చెయ్యి చాపారు. మొదటి వంతు రిషితది. గ్లౌజు వేసుకున్న చెయ్యి ముందుకు పెట్టి, "మిల్క్?" అంటూ ఉంటే పిల్లలు అలవాటుగా పెట్టేసి పోయారు. క్రేటులో యాభై ఎనిమిది. చెత్తలో సున్నా. కాటా మీద తొంభై.

మూడింటికి ఆఫీసు గదిలో డిస్ట్రిక్టు ఆహార విభాగం నుంచి వచ్చినావిడ, డాక్టర్ బ్రాండ్, మిసెస్ ఎలిసన్, కుర్చీ అంచున చాముండేశ్వరి. లక్ష్మీపతిని రమ్మనలేదు. ఫారం మీద సంతకం పెట్టడానికొచ్చానని చెప్పి లోపలికి వచ్చి, క్యాలెండరు బల్ల మీద పరిచాడు.

డిస్ట్రిక్టు ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని నెలలు తిప్పింది. జనవరి, ఫిబ్రవరి, మార్చి. మొదట ముఖం గట్టిపడింది. తర్వాత తిప్పడం నెమ్మదైంది.

"ఇవన్నీ నువ్వు తీసుకున్నవేనా?"

"ఐ టేక్," అంది చాముండేశ్వరి. "డైలీ ఐ టేక్. డైలీ ఐ రైట్."

"ఇది దొంగతనం ఒప్పుకున్నట్టే," అన్నాడు డాక్టర్ బ్రాండ్.

"అవునండీ," అన్నాడు లక్ష్మీపతి. "మీ పదిహేడు శాతానికి కూడా రుజువు ఇదే. రెండూ ఒకే కాగితం మీద ఉన్నాయి. ఈవిడ దొంగ అని రాస్తే ఈ బడి ఏడాదిలో తగ్గించింది ఏమీ లేదు, నేను అలాగే రాసి సంతకం పెడతాను. బడి తగ్గించింది అని రాస్తే తగ్గించిన మనిషి ఈవిడ. ఏది కావాలో మీరు చూసుకోండి. ఒకటి ఉంచుకుని ఇంకోటి తిప్పి పంపడం మాత్రం కుదరదు."

దుకాణంలో బేరం ఖరారు చేసేటప్పుడు మాట్లాడే గొంతు అది. అన్నాక ఆగి, మామూలు గొంతుతో అన్నాడు. "ఎవరిదో చెయ్యి అన్నది నేను. చూడకుండా అన్నాను. అది కూడా రాసుకోండి."

డిస్ట్రిక్టు ఆవిడ మొదట అడిగింది వేరే ప్రశ్న. పాలు ఎంత చల్లగా ఉంచావు? చాముండేశ్వరి లక్ష్మీపతి వైపు తిరిగి తెలుగులో చెప్పింది. "ఐసు మీద వెట్టిన. వంటింటి థర్మామీటర్ ఒకటి అండ్లనే ఉంటుండె. నలభై ఫారెన్‌హీట్ దాటితే పారబోసిన. అవి గళ్ళల్ల సున్నా చుట్టి రాసిన, సూడమను." చూపించాడు. ఎనిమిది చోట్ల సున్నాలు చుట్టి ఉన్నాయి.

"పాలు గేటు దాటకూడదు. దాన్ని నేను మార్చలేను," అంది ఆవిడ. "బడి లోపలే తెరవని పాలు ఐసులో ఉంచి, కావలసిన పిల్లలకు మళ్ళీ ఇవ్వొచ్చు. మిగిలింది ఫుడ్ బ్యాంకుకు పంపొచ్చు. దానికి కాగితం ఉంది. ఈ బడి ఎప్పుడూ ఆ కాగితం అడగలేదు." డాక్టర్ బ్రాండ్ వైపు చూసింది. "ఎందుకు అడగలేదు?"

అతను మొదటిసారి ఎవరి పేరూ వాడకుండా మాట్లాడాడు. "తెలీదు."

మిసెస్ ఎలిసన్ ఫారం ముందుకు లాక్కుని ఐదు రోజుల అంకెలూ వరుసగా రాసింది. తొంభై ఎనిమిది, తొంభై ఏడు, నూట ఇరవై, నూట ఇరవై రెండు, తొంభై. సగటు నూట ఐదు దాటింది. వెండి పోయింది. ఆమె చెయ్యి ఒక్కసారి కూడా ఆగలేదు. లక్ష్మీపతి కింద సంతకం పెట్టాడు.

బయట బల్ల మీద రిషిత ఫారంలో ఇంకో పేజీ పెట్టుకుని పదకొండో ప్రశ్న జవాబు రబ్బరుతో చెరుపుతోంది. 'ప్రచారం వల్ల ఫలితం వచ్చిందా?' అన్న చోట ముందు అవును అని ఉంది. లేదు అని రాసి, రుజువు అన్న గడిలో ఎడమ నుంచి కుడికి గీత గీసింది.

*

అక్టోబరు నెలాఖరుకు తేలిన లెక్క ఇది.

బడికి వచ్చింది కంచు. గోడకు తగిలించారు గానీ దానికి ప్రత్యేకంగా సభ ఏమీ చేయలేదు. ట్రేల కిటికీ దగ్గర క్రేటు నిలిచింది. రోజుకు యాభై డబ్బాల చొప్పున చెత్తలో పడకుండా మిగులుతున్నాయి. చాముండేశ్వరి మరుసటి సోమవారమే మళ్ళీ పనిలో చేరింది. ఆమె ఫైలులో దొంగతనం అన్న మాట లేదు, హెచ్చరిక కాగితం ఒకటి ఉంది. ఇంటికి వెళ్ళేటప్పుడు ఆమె సంచి రోజూ తెరిచి చూస్తారు. ఆమె అడక్కుండానే తెరిచి చూపించి వెళుతుంది. రాసుకోవడానికి ఏమీ లేక క్యాలెండరులో అక్టోబరు గళ్ళు ఖాళీగా ఉన్నాయి.

టెంపేలో పదిహేను మంది పిల్లలకు పెరుగు ఆగిపోయింది. ఇప్పుడు కొనుక్కుంటున్నారు. ఆ చుట్టుపక్కల మన సరుకులు దొరికే దుకాణం ఒకటే.

వారానికి తొమ్మిది డబ్బాల పెరుగు ఎక్కువగా అమ్ముడవుతోంది. ఈ మొత్తం వ్యవహారంలో లక్ష్మీపతికి వచ్చిన లాభం అదే.